దారి చూపే తరంగం - డేవిడ్ బోమ్

కొన్ని ప్రశ్నలకు సమాధానం దొరకకపోయినా శాస్త్రం ముందుకు నడుస్తూనే ఉంటుంది. ఎలక్ట్రాన్ ఒక చోటి నుంచి మరొక చోటికి చేరేటప్పుడు నడిమి దారిలో ఎక్కడ ఉంటుందన్న ప్రశ్న అటువంటిది. 1920ల చివరినాటికి ఐరోపాలోని మహామహులైన భౌతికశాస్త్రజ్ఞులు ఆ ప్రశ్నను అడగనవసరం లేదని, నిజానికి అడగరాదని తీర్మానించారు. ప్రయోగంలో ఏ ఫలితం ఎంత తరచుగా వస్తుందో లెక్కగట్టగలిగితే చాలునన్నారు. పాతికేళ్ళ తరువాత ఆ ప్రశ్నను తిరిగి లేవనెత్తి, గణితంతో సహా దానికొక సమాధానం చూపినవాడు డేవిడ్ బోమ్. ఆ సమాధానాన్ని పత్రికకు పంపేనాటికి ఆయనకు ఉద్యోగం లేదు. అది అచ్చయ్యేనాటికి చేతిలో పాస్‌పోర్టు లేదు. స్వదేశంలో చోటు కరవై మూడు దేశాలు తిరిగిన ఈ శాస్త్రజ్ఞుడు మదనపల్లెలో పుట్టిన ఒక తెలుగువాడితో పాతికేళ్ళపాటు స్నేహం నెరపాడన్న సంగతి మనవారిలో కొద్దిమందికే తెలుసు.

బోమ్ 1917 డిసెంబరు 20వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో విల్క్స్‌బార్ అనే పట్టణంలో జన్మించాడు. అది బొగ్గుగనుల ఊరు. తండ్రి శామ్యూల్ హంగరీ నుంచి వలస వచ్చిన యూదుడు. గృహోపకరణాల దుకాణం నడిపేవాడు. తల్లి ఫ్రీడా మానసిక అస్వస్థతతో బాధపడేది. ఇంట్లో ప్రశాంతత లేని పిల్లవాడు పుస్తకాల్లోనూ, ఊహల్లోనూ ఆశ్రయం వెదకుకోవడం వింత కాదు. కుమారుడు వ్యాపారంలోకి రావాలని తండ్రి కోరిక. ఆ కుమారుడికేమో నక్షత్రాల కథల మీద, యంత్రాల మీద ధ్యాస. పోసేటప్పుడు చుక్క కారని టీ కెటిల్‌ను చిన్నతనంలోనే రూపొందించి, దానిని అమ్మి డబ్బు చేసుకోవాలని చూశాడట. వ్యాపారబుద్ధి బొత్తిగా లేదని అనలేము. అది ఎక్కువకాలం నిలవలేదంతే.

1939లో పెన్సిల్వేనియా స్టేట్ కళాశాలలో పట్టం పుచ్చుకొని, కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలో చేరాడు. అక్కడి చదువు పోటీపరీక్షల వలె తోచి మనసుకు పట్టలేదు. 1941లో బర్క్‌లీకి వెళ్ళి రాబర్ట్ ఓపెన్‌హైమర్ వద్ద శిష్యుడయ్యాడు. అది యుద్ధకాలం. నాజీల విజృంభణను చూసి కలతచెందిన యువకులు ఎందరో ఆ రోజుల్లో వామపక్షం వైపు మొగ్గారు. బోమ్ కూడా 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. సమావేశాలు విసుగు పుట్టించడంతో కొద్ది నెలలకే దానికి దూరమయ్యాడు. ఆ కొద్ది నెలలు ఆయన జీవితాన్నంతటినీ వెంటాడాయి.

మొదటి దెబ్బ విద్యార్థిగా ఉండగానే తగిలింది. ఓపెన్‌హైమర్ అణుబాంబు పరిశోధనకు లాస్ అలామోస్‌కు వెళుతూ బోమ్‌ను కూడా తీసుకుపోదలచాడు. సైనిక భద్రతాధికారులు ఒప్పుకోలేదు. అంతటితో ఆగలేదు. ప్రోటాన్లు, డ్యూటెరాన్లు ఢీకొన్నప్పుడు ఎలా చెదరుతాయో బోమ్ చేసిన లెక్కలు బాంబు నిర్మాణానికి పనికివస్తాయని తేలడంతో వాటిని రహస్య పత్రాలుగా ప్రకటించారు. రహస్య పత్రాలను చూసే అర్హత బోమ్‌కు లేదు. అందుచేత తాను చేసిన లెక్కలను తానే చూడరాదు. తన సిద్ధాంత వ్యాసాన్ని తానే రాయరాదు! చివరకు ఓపెన్‌హైమర్ విశ్వవిద్యాలయానికి పూచీ పడగా 1943లో వ్యాసం లేకుండానే డాక్టరేటు లభించింది.

యుద్ధకాలంలో బర్క్‌లీలోనే ఉండి బోమ్ ప్లాస్మా మీద పనిచేశాడు. ప్లాస్మా అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివిడిగా సంచరించే వేడి వాయుస్థితి. అందులో ఒక్కొక్క ఎలక్ట్రాన్ తన దారిన తాను తిరుగుతున్నట్లే కనిపిస్తుంది. కాని కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు కలిసి ఒకే దేహంలా ఊగుతాయి కూడా. ఈ రెండు చలనాలు ఏకకాలంలో ఎలా సాధ్యమన్నది ఆయనను ఆకట్టుకొంది. 1947లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో సహాయాచార్యుడైన తరువాత తన శిష్యుడు డేవిడ్ పైన్స్‌తో కలిసి ఇదే ఆలోచనను లోహాల్లోని ఎలక్ట్రాన్లకు వర్తింపజేశాడు. ఘనపదార్థ భౌతికశాస్త్రం చదివేవారు ఆ సిద్ధాంతాన్ని నేటికీ చదువుతారు. ఆయన వేరే ఏమీ చేయకపోయినా అది ఒక్కటే ఆయనకు గౌరవం తెచ్చిపెట్టేది. అయితే వ్యష్టికీ సమష్టికీ గల సంబంధం అప్పటి నుంచి ఆయన ఆలోచనను విడిచిపోలేదు.

1949లో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన విచారణ సంఘం బోమ్‌ను పిలిపించింది. బర్క్‌లీ మిత్రుల రాజకీయ విశ్వాసాల గురించి ప్రశ్నించింది. రాజ్యాంగం ఇచ్చిన హక్కును చూపి ఆయన సమాధానం చెప్పడానికి నిరాకరించాడు. ఆ నిరాకరణ సభాధిక్కారమని 1950 డిసెంబరులో నేరారోపణ చేసి నిర్బంధించారు. జామీనుపై బయటికి వచ్చినా, ప్రిన్స్‌టన్ ఆయనను విధుల నుంచి తప్పించింది. 1951 మే నెలాఖరులో న్యాయస్థానం నిర్దోషిగా విడిచిపెట్టింది. జూన్‌లో గడువు ముగిసిన ఉద్యోగాన్ని విశ్వవిద్యాలయం పొడిగించలేదు. నేరం లేదని తేలిన తరువాత శిక్ష అమలుకావడమంటే ఇదే.

ఈ అలజడి నడుమనే 'క్వాంటం థియరీ' అనే ఆయన పాఠ్యగ్రంథం 1951లో వెలువడింది. అందులో బోమ్ సంప్రదాయ దృక్పథాన్నే శ్రద్ధగా సమర్థించాడు. పుస్తకం చదివిన ఐన్‌స్టీన్ ఆయనను పిలిపించుకొని ముచ్చటించాడు. ఇద్దరూ అదే ఊరివారు. ఇంతకన్న బాగా ఆ దృక్పథాన్ని వివరించడం కష్టమే గాని, ఆ దృక్పథం సంపూర్ణం కాదన్నది వృద్ధుడైన ఐన్‌స్టీన్ అభిప్రాయం. బోమ్‌కు కూడా రాసిన తరువాతే సందేహం బలపడింది. ఒక సిద్ధాంతాన్ని ఇతరులకు విప్పిచెప్పబోయినప్పుడే అది మనకు ఎంత అర్థమయిందో తెలుస్తుంది. కొద్ది నెలల్లోనే ఆయన రెండు వ్యాసాలు రాసి 'ఫిజికల్ రివ్యూ' పత్రికకు పంపాడు. అవి 1952 జనవరిలో వెలువడ్డాయి.

ఆ వ్యాసాల సారాంశమేమిటో కొంత నిదానంగా చూడాలి. ఒక తెరకు ముందు రెండు సన్నని చీలికలున్న పలకను నిలిపి, ఎలక్ట్రాన్లను ఒకదాని తరువాత ఒకటిగా పంపితే తెరమీద ఒక్కొక్క చుక్క పడుతుంది. వేలకొద్దీ చుక్కలు పడిన తరువాత చూస్తే అవి వెలుగు చీకట్ల చారలుగా అమరి ఉంటాయి. చారలు తరంగ లక్షణం. చుక్క కణ లక్షణం. ఎలక్ట్రాన్ తరంగమా, కణమా? ఈ ప్రశ్నకు అర్థం లేదని సంప్రదాయవాదులు చెప్పారు. బోమ్ సమాధానం ఇంతకన్న సరళమైనది. కణమూ ఉంది, తరంగమూ ఉంది. కణం ఎప్పుడూ ఒక నిర్దిష్టమైన చోట ఉండి, ఏదో ఒక చీలిక గుండానే వెళుతుంది. తరంగం రెండు చీలికల గుండా వెళ్ళి, ఆవల తనలో తాను కలిసి, కణానికి దారి చూపుతుంది. ష్రోడింగర్ సమీకరణంలోని తరంగ ప్రమేయాన్నే రెండు భాగాలుగా విడదీసి, ఒక భాగం నుంచి కణం వేగాన్ని, రెండవ భాగం నుంచి క్వాంటం పొటెన్షియల్ అనే కొత్త ప్రభావాన్ని ఆయన రాబట్టాడు. కణం మొదట ఏ బిందువు వద్ద ఉందో మనకు తెలియదు గనుక ఫలితాన్ని ముందుగా చెప్పలేము. సంభావ్యత మన అజ్ఞానంలో ఉందే కాని ప్రకృతి స్వభావంలో కాదు. ఆరంభ స్థానాలు తరంగం సూచించే రీతిలో పరచుకొని ఉంటే, ఈ సిద్ధాంతపు లెక్కలు సంప్రదాయ సిద్ధాంతపు లెక్కలతో అన్ని ప్రయోగాల్లోనూ సరిపోతాయి.

క్వాంటం పొటెన్షియల్‌లో ఒక విశేషముంది. అది తరంగం ఎంత పెద్దదన్నదాని మీద కాక, ఏ ఆకారంలో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. సికిందరాబాదు రైల్వేస్టేషనులో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద వందలాది ప్రయాణికులు బండికోసం నిలబడి ఉన్నారనుకొందాం. ఆ బండి పదో నంబరు ప్లాట్‌ఫారానికి వస్తున్నదని మైకులో ప్రకటన వినవస్తుంది. మరుక్షణమే పెట్టెలు, మూటలు, చంటిపిల్లలు, ఎర్రచొక్కాల కూలీలు అన్నీ కలిసి వంతెన వైపు కదులుతాయి. వారిని కదిలించినది మైకులోని ధ్వనిశక్తి కాదు. ఆ శక్తి ఒక చేతిసంచిని కూడా జరపలేదు. నడిచే బలం ప్రయాణికుల కాళ్ళలోనే ఉంది. ఎటు నడవాలన్నది మాత్రం ప్రకటన చెప్పింది. ప్రకటన బిగ్గరగా వినిపించినా, సన్నగా వినిపించినా మాట తెలిసినంతవరకు ఫలితం ఒక్కటే. బోమ్ తరువాతి రోజుల్లో రాడార్ సంకేతాన్ని బట్టి దారి మార్చుకొనే ఓడను ఇందుకు ఉదాహరణగా చూపేవాడు. స్టేషను ఉదాహరణ మనకు మరింత దగ్గరిది.

అయితే దీనికొక మూల్యముంది. ఎలక్ట్రాన్లు రెండయినప్పుడు తరంగం మనం చూసే మూడు పరిమాణాల ప్రదేశంలో ఉండదు. రెండింటి స్థానాలనూ కలిపి చెప్పే ఆరు పరిమాణాల గణిత ప్రదేశంలో ఉంటుంది. అందువల్ల ఒక ఎలక్ట్రాన్ కదలిక ఎంతో దూరాన ఉన్న మరొక ఎలక్ట్రాన్ స్థితిని బట్టి ఆ క్షణంలోనే మారవచ్చు. దూరం అడ్డురాదు. బోమ్ ఈ సంగతిని దాచలేదు. విమర్శకులు దీనిని దోషమన్నారు. అది ప్రకృతి గుణమేనేమో అన్న అనుమానం చాలాకాలం తరువాత కలిగింది.

వ్యాసాలు అచ్చు కాకముందే విమర్శలు మొదలయ్యాయి. ఈ భావం కొత్తది కాదని, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ ద బ్రోయ్ 1927లోనే బ్రస్సెల్స్‌లో జరిగిన సాల్వే సదస్సులో దీనిని ప్రతిపాదించి, అభ్యంతరాలకు జవాబు చెప్పలేక వదిలిపెట్టాడని పౌలీ గుర్తుచేశాడు. బోమ్ ద బ్రోయ్ ప్రాథమ్యాన్ని అంగీకరించాడు. కాని పౌలీ అభ్యంతరానికి జవాబు చెప్పగలిగాడు: కొలిచే పరికరాన్ని కూడా అదే సిద్ధాంతంలో చేర్చి లెక్కగడితే చిక్కు విడిపోతుంది. ఆ తరువాత ద బ్రోయ్ కూడా తన పాత ఆలోచన వైపు మళ్ళాడు. గుప్త చలరాశులతో క్వాంటం సిద్ధాంతాన్ని వివరించడం అసాధ్యమని 1932లో ఫాన్ నాయ్‌మన్ నిరూపించాడని అందరూ నమ్ముతున్న కాలమది. అసాధ్యమన్నది కళ్ళముందు సాధ్యమై నిలిచినా చాలామంది అటువైపు చూడలేదు. ఐన్‌స్టీన్‌కు కూడా ఈ పరిష్కారం తృప్తి కలిగించలేదు. ఇంత సులువుగా తేలే విషయం కాదని ఆయన భావన.

విమర్శలకు ఎదురుగా నిలిచి వాదించే అవకాశం బోమ్‌కు లేకపోయింది. ఐన్‌స్టీన్ సిఫారసుతో బ్రెజిల్‌లోని సావోపాలో విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరకగా 1951 అక్టోబరులో అక్కడికి చేరాడు. కొద్దికాలానికే అమెరికా కాన్సులేటు ఆయన పాస్‌పోర్టును తీసుకొంది. అమెరికాకు తిరిగి రావడానికి తప్ప మరే ప్రయాణానికీ అది పనికిరాదన్నది. ఐరోపాలో సదస్సులు జరుగుతున్నాయి. తన సిద్ధాంతం మీద చర్చలు సాగుతున్నాయి. తానేమో వేల మైళ్ళ దూరాన, ఆహారం పడక, భాష రాక, ఉత్తరాల మీద ఆధారపడి కాలం గడుపుతున్నాడు. 1954లో బ్రెజిల్ పౌరసత్వం తీసుకొన్న తరువాత గాని ఆయనకు కదిలే స్వేచ్ఛ రాలేదు.

ఇక ఆ సిద్ధాంతాన్ని పరీక్షించిన అసలు ప్రశ్నకు వద్దాం. ఎలక్ట్రాన్‌కు దారి చూపడం వరకు బాగానే ఉంది. కాని 1940ల చివరికే భౌతికశాస్త్రం కణాల నుంచి క్షేత్రాలకు సాగిపోయింది. కాంతి ఒక విద్యుదయస్కాంత క్షేత్రం. కాంతికణమైన ఫోటాన్ పుడుతుంది, నశిస్తుంది. దీపం వెలిగించినప్పుడు లెక్కలేనన్ని ఫోటాన్లు పుడుతున్నాయి. గోడను తాకి మాయమవుతున్నాయి. పుట్టి గిట్టే కణానికి నిత్యమైన దారి ఎక్కడిది? ఎలక్ట్రాన్ కూడా పాజిట్రాన్‌తో జతగా పుట్టగలదు, జతగా నశించగలదు. దారి చూపే తరంగమన్న భావం ఈ క్షేత్ర సిద్ధాంతానికి విస్తరించకపోతే, అది పాతబడిన గణితానికి చెప్పిన అందమైన వ్యాఖ్యానంగా మిగిలిపోతుంది. బోమ్‌కు ఈ సంగతి మొదటినుంచీ తెలుసు. అందుకే 1952 నాటి రెండవ వ్యాసానికి అనుబంధంగా విద్యుదయస్కాంత క్షేత్రాన్ని ఎలా గ్రహించాలో అప్పుడే రాసిపెట్టాడు.

ఆ అనుబంధంలో ఆయన చేసిన మార్పు చిన్నదిగా కనిపించినా లోతైనది. కాంతి విషయంలో ఫోటాన్‌ను చిన్న గోళీవలె ఊహించడం మానివేశాడు. హుస్సేన్‌సాగర్ నీటి ఉపరితలాన్ని తలచుకొందాం. ప్రతి బిందువు వద్ద నీటిమట్టం ఎంతో ఒక సంఖ్యతో చెప్పవచ్చు. ఆ సంఖ్యలన్నిటినీ కలిపితే సరస్సు మొత్తానికి ఈ క్షణాన ఉన్న ఆకారం వస్తుంది. క్షేత్రం కూడా అంతే. ప్రతిచోటా దానికొక విలువ ఉంది. కణానికి ఒక స్థానం ఉన్నట్లే క్షేత్రానికి ఒక నిర్దిష్టమైన ఆకారం ఉందని, కణపు స్థానాన్ని తరంగం నడిపినట్లే క్షేత్రపు ఆకారాన్నంతటినీ మరింత పెద్ద తరంగం నడుపుతుందని ఆయన ప్రతిపాదించాడు. ఇక్కడ దారి ఉన్నది ఒక బిందువుకు కాదు, సరస్సు మొత్తానికి. మరి ఫోటాన్ సంగతేమిటి? విశాలంగా పరచుకొన్న క్షేత్రం ఒక పరమాణువును కలిసినప్పుడు, ఆ పెద్ద తరంగం ప్రభావం వల్ల శక్తి నలుదిక్కుల నుంచి ఒక్కచోటికి చేరి ఆ పరమాణువులోకి ప్రవేశిస్తుంది. మనం కొలిచే ఫోటాన్ ఆ సంఘటనే. ఎగిరివచ్చిన గోళీ ఏదీ లేదు. కాంతి విద్యుత్ ఫలితాన్ని, కాంప్టన్ ఫలితాన్ని ఈ విధంగా వివరించి, అక్కడ కూడా లెక్కలు సంప్రదాయ సిద్ధాంతంతో ఏకీభవిస్తాయని బోమ్ చూపాడు.

ఎలక్ట్రాన్ క్షేత్రానికి ఇదే ఉపాయం ఎందుకు పనికిరాదని అడగవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. ఎలక్ట్రాన్ల వంటి ఫెర్మియాన్‌లు రెండు ఒకే స్థితిలో ఉండవు. ఈ నియమాన్ని పాటించే క్షేత్రానికి ఒక బిందువు వద్ద విలువ ఇంత అని సామాన్యమైన సంఖ్యతో చెప్పలేము. రెండింటిని గుణించే క్రమం మారితే గుర్తు మారే విచిత్రమైన రాశులు అందులో వస్తాయి. సరస్సులో నీటిమట్టమే చెప్పలేనప్పుడు దాని ఆకారాన్ని నడపడమెలా? కాబట్టి కాంతి వంటి బోసాన్‌లకు క్షేత్రాన్ని వాస్తవంగానూ, ఎలక్ట్రాన్లకు కణాన్నే వాస్తవంగానూ తీసుకోవలసి వచ్చింది. ఒకే ప్రకృతికి రెండు రకాల పునాదులు వేయడం బోమ్‌వంటి ఏకత్వవాదికి ఇష్టమైన పనికాదు.

1955లో ఆయన ఇజ్రాయెల్‌లోని హైఫాకు వెళ్ళాడు. అక్కడే శారల్ పరిచయమై, 1956లో వివాహమయింది. 1957లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌కు చేరాడు. ఆ ప్రయాణంలో శిష్యుడు యాకిర్ అహరొనోవ్ కూడా ఉన్నాడు. గురుశిష్యులు 1959లో ప్రకటించిన ఫలితం నేడు వారిద్దరి పేర్లతో ప్రసిద్ధం. అయస్కాంత క్షేత్రాన్ని ఒక సన్నని చుట్టలో బంధించి, దాని వెలుపల ఏ క్షేత్రమూ లేనిచోట మాత్రమే ఎలక్ట్రాన్లను పంపినా, తెరమీది చారలు జరుగుతాయి. తాకని క్షేత్రం కూడా తరంగాన్ని మార్చగలదన్నమాట. బోమ్ మిగిలిన భావాలను పట్టించుకోనివారు సైతం దీనిని కాదనలేకపోయారు. 1986లో జపానులో తొనోమురా బృందం చేసిన ప్రయోగంతో మిగిలిన సందేహాలు కూడా తీరాయి.

1961లో లండన్‌లోని బర్క్‌బెక్ కళాశాలలో ఆచార్యపదవి లభించింది. దేశదేశాలు తిరిగిన మనిషికి అది చివరి మజిలీ. అదే సంవత్సరం ఆయన జిడ్డు కృష్ణమూర్తిని కలుసుకొన్నాడు. ఈ కలయికకు కారకురాలు శారల్. బ్రిస్టల్ గ్రంథాలయంలో కృష్ణమూర్తి పుస్తకమొకటి తిరగేస్తుండగా, చూసేవాడు, చూడబడేది అన్న ప్రస్తావన ఆమె కంటబడింది. భర్త నిత్యం తలపోసే విషయం ఇదే గదా అని ఆ పుస్తకాన్ని ఇంటికి తెచ్చింది. కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే దివ్యజ్ఞాన సమాజం నీడలోకి చేరి, మాతృభాషను మరచిపోయి, తనను జగద్గురువుగా నిలబెట్టదలచిన సంస్థను 1929లో తానే రద్దుచేసినవాడు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ విద్యాలయం ఆయన విద్యాభావాలకు ఆకృతి. చదువులో సమీకరణాలు ఎరుగని ఆ తాత్త్వికునికీ, సమీకరణాలలో మునిగిన ఈ భౌతికశాస్త్రజ్ఞునికీ మాట ఎలా కలిసిందని ఆశ్చర్యం కలగవచ్చు. చూసేవానికీ చూడబడేదానికీ నడుమ గీసిన గీత నిజమైనదా అన్న ప్రశ్న ఇద్దరిదీ. పరికరం వేరు, ఎలక్ట్రాన్ వేరు అని విడదీయడం కుదరదని బోమ్ లెక్కలు చెబుతున్నాయి. ఆలోచించేవాడు వేరు, ఆలోచన వేరు కాదని కృష్ణమూర్తి బోధించాడు.

వారి సంభాషణలు కొన్ని 1985లో 'ది ఎండింగ్ ఆఫ్ టైమ్' పేరిట పుస్తకంగా వచ్చాయి. 1969లో ఇంగ్లండులో నెలకొన్న బ్రాక్‌వుడ్ పార్క్ విద్యాలయ నిర్వహణలో బోమ్ ధర్మకర్తగా పాలుపంచుకొన్నాడు. ఈ స్నేహం ఆయన శాస్త్రాన్ని చెడగొట్టిందని కొందరు సహోద్యోగులు విసుక్కొన్నారు. ఆ మాట న్యాయమైనది కాదు. దారి చూపే తరంగం కృష్ణమూర్తిని ఎరుగక తొమ్మిదేళ్ళ ముందే వెలువడింది. అలాగని స్నేహం ఆసాంతం నిండుకుండలా సాగిందని చెప్పడమూ సత్యం కాదు. 1980లలో ఇద్దరి నడుమ కొంత ఎడం ఏర్పడింది. కృష్ణమూర్తి 1986 ఫిబ్రవరిలో కాలధర్మం చెందాడు.

విచిత్రమేమంటే 1960లలో బోమ్ స్వయంగా తన పాత సిద్ధాంతాన్ని దాదాపు పక్కన పెట్టాడు. దానిని తిరిగి పైకి తెచ్చినవారు విద్యార్థులు. క్రిస్ ఫిలిప్పిడిస్, క్రిస్ డ్యూడ్నీ అనే యువకులు 1952 నాటి వ్యాసాలను చదివి, బర్క్‌బెక్‌లోనే వీటి గురించి ఎవరూ మాట్లాడరెందుకని బోమ్ సహచరుడైన బేసిల్ హైలీని నిలదీశారు. కంప్యూటరుతో ఆ దారులను గీయవచ్చునన్న ఆలోచన పుట్టింది. 1979లో ముగ్గురూ ప్రకటించిన చిత్రంలో రెండు చీలికల నుంచి బయలుదేరిన దారులు, క్వాంటం పొటెన్షియల్ లోయల్లో మలుపులు తిరుగుతూ, చారలుగా విడిపోతాయి. అడగరాదన్న ప్రశ్నకు బొమ్మ సమాధానమయింది. అది చూసిన తరువాత బోమ్‌కు కూడా ఉత్సాహం తిరిగివచ్చింది. 1980లో ఆయన రాసిన 'హోల్‌నెస్ అండ్ ది ఇంప్లికేట్ ఆర్డర్' గ్రంథం శాస్త్రజ్ఞులు కానివారి చేతుల్లోకి కూడా వెళ్ళింది. విడివిడి వస్తువులుగా మనకు కనిపించే లోకం, వాటిని తనలో మడచుకొన్న ఒక అఖండ వ్యవస్థ నుంచి విచ్చుకొంటున్నదని అందులో వాదించాడు.

ఈలోగా జాన్ బెల్ అనే ఐరిష్ శాస్త్రజ్ఞుడు బోమ్ ఆలోచనను మరొక దారిన నడిపాడు. 1952లోనే ఆ వ్యాసాలను చదివిన బెల్, దూరాన్ని లెక్కచేయని ఆ గుణం బోమ్ సిద్ధాంతానికి మాత్రమే చెందినదా అని తర్కించి, 1964లో తన సుప్రసిద్ధ సిద్ధాంతాన్ని రాబట్టాడు. ప్రయోగాలు ఆ గుణాన్నే బలపరిచాయి. ఆ కృషికి గాను 2022లో ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. 1984లో బెల్ ఫెర్మియాన్ల చిక్కును కూడా చేపట్టాడు. ప్రదేశాన్ని గళ్ళుగా విభజించి, ఏ గడిలో ఎన్ని ఫెర్మియాన్‌లున్నాయన్న లెక్కనే వాస్తవంగా తీసుకొన్నాడు. ఆ సంఖ్యలు తరంగం నిర్ణయించిన సంభావ్యతతో ఉన్నట్టుండి మారతాయి. దారికి బదులు దూకుళ్ళు వచ్చాయి. నియతి స్థానంలో కొంత యాదృచ్ఛికత చేరింది. 1987లో బోమ్, హైలీ, కలొయెరూ కలిసి బోసాన్ క్షేత్రాలకు 1952 నాటి అనుబంధాన్ని విస్తృతమైన సిద్ధాంతంగా పెంచారు.

అప్పటికి బోమ్ ఆరోగ్యం దెబ్బతిన్నది. 1981లోనే గుండెకు శస్త్రచికిత్స జరిగింది. మనోవ్యాధి పదేపదే కుంగదీసింది. 1991లో చికిత్స కోసం ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. అమెరికా పౌరసత్వం న్యాయపోరాటం తరువాత 1986లో తిరిగి లభించింది. లండన్ రాయల్ సొసైటీ 1990లో సభ్యత్వమిచ్చి గౌరవించింది. ఇన్ని జరుగుతున్నా హైలీతో కలిసి తన సిద్ధాంతానికంతటికీ ఒకే గ్రంథంలో రూపమిచ్చే పని మానలేదు. 1992 అక్టోబరు 27న ఆ పుస్తకం మీద పనిచేసి, కళాశాల నుంచి టాక్సీలో ఇంటికి చేరాడు. గుమ్మం ముందు టాక్సీలోనే గుండె ఆగింది. 'ది అన్‌డివైడెడ్ యూనివర్స్' మరుసటి సంవత్సరం వెలువడింది.

2004లో డ్యుర్, గోల్డ్‌స్టీన్, తుముల్కా, జంఘీ అనే నలుగురు శాస్త్రజ్ఞులు బెల్ చూపిన బాటలో గళ్ళను తొలగించి, కణాల దారులు ఒకచోట మొదలై మరొకచోట ముగిసే సిద్ధాంతాన్ని నిర్మించారు. కణం పుట్టినచోట కొత్త గీత మొదలవుతుంది, నశించినచోట ఆగుతుంది. కాబట్టి విస్తరణ సాధ్యమేనా అన్న ప్రశ్నకు ఒకటికి బదులు అనేక సమాధానాలున్నాయి. క్షేత్రమే వాస్తవమనేవారూ, కణమే వాస్తవమనేవారూ, దూకుళ్ళను ఒప్పుకొనేవారూ, ఒప్పుకోనివారూ ఉన్నారు. ప్రయోగాల అంకెలు అందరివీ ఒకటే గనుక ఎవరిది సరియైనదో ప్రయోగశాల తేల్చదు. వీరందరి ముందూ నిలిచిన కష్టం సాపేక్షతా సిద్ధాంతం నుంచి వచ్చినది. దూరాన ఉన్నది ఆ క్షణంలోనే మారుతుందంటే, ఆ క్షణం అంతటికీ ఒకటే కావాలి. ఐన్‌స్టీన్ అటువంటి ఉమ్మడి క్షణం లేదని చెప్పాడు. కొలతల్లో ఎన్నటికీ బయటపడని ఒక రహస్య కాలక్రమం అడుగున ఉండవచ్చునన్నది బోమ్, హైలీలు తమ గ్రంథంలో ఎంచుకొన్న మార్గం. దానిని అంగీకరించలేనివారు వేరే మార్గం కోసం ఇప్పటికీ సమీకరణాలు రాస్తున్నారు.